ఆమె ముందే రాసిపెట్టిన గంటలు

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు మధ్యాహ్నం పన్నెండున్నరకు తెలిసింది. బేతంచెర్లలో నేను పనిచేసే పాలిష్ ఫ్యాక్టరీలో, కోసిన బండలను రంగుల ప్రకారం వేరుచేస్తున్నాను. ఫోన్ చేసింది కమలాపురంలో ఉండే ఆమె చెల్లెలి కూతురు. మిషన్ల చప్పుడులో మొదట ఏమీ వినపడలేదు. బయటికి వచ్చి మళ్ళీ అడిగాను. పొద్దున తాను పొలానికి పోయేటప్పుడు పెద్దమ్మ వసారాలో కుర్చీలో కూర్చొని ఉందని, తిరిగి వచ్చేసరికి అట్లాగే కూర్చొని ఉందని, పిలిస్తే పలకలేదని చెప్పింది. ఆ అమ్మాయి ఏడవలేదు. నేనూ ఏడవలేదు.

గేటు దగ్గర తమ్ముడు లారీకి మోకు బిగిస్తున్నాడు. పోయి చెప్పాను. మోకు వదలకుండానే, "ఎన్ని గంటలకంట?" అని అడిగాడు. ఎవరూ చూడలేదన్నాను. ముడి పూర్తిచేసి, బండి తాళాలు ఇంకో డ్రైవరుకు ఇచ్చి నాతో బయలుదేరాడు.

అట్లా టైము అడగడం వాడికి సిస్టరమ్మ నేర్పింది. ఎట్లా నేర్పిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది వదిలిపెట్టి రాస్తే ఆమె ఒప్పుకునేది కాదు.

ఆమె కర్నూలులో మనసు బాగాలేనివాళ్ళ వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక మా చర్చి వీధిలోకి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. వాచీ ముంజేతి లోపలి వైపుకు కట్టుకునేది. నాడి పట్టుకున్నప్పుడు ముల్లు కనపడాలంటే అట్లా ఉండాలట. పాస్టరుగారి ప్రసంగం గంట దాటితే ఆ చేతిని నిదానంగా తిప్పి చూసుకునేది. ఆయనకు కనపడేలాగే తిప్పేది. పిచ్చి అన్న మాట ఆమె ముందర ఎవరూ అనకూడదు. అంటే, ఆ మాట తీసేసి మొత్తం మళ్ళీ చెప్పించేది.

ఆమె దగ్గర పొడుగాటి నోటుపుస్తకాలు ఉండేవి. వార్డులో ఒక మనిషిని కనిపెట్టుకొని ఉండాల్సివస్తే, ముందుగా పేజీకి నిలువుగా గీత కొట్టి, ఎడమ పక్కన గంటలన్నీ పైనుంచి కిందికి రాసుకునేదట. ఆరు, ఏడు, ఎనిమిది, అట్లా సాయంత్రం ఆరు దాకా. తరువాత ఏ గంటకు ఆ గంట ఎదురుగా తాను చూసింది నింపేది. గంటలు ముందే ఎందుకు రాయడమని ఒకసారి అడిగాను.

"ఖాళీ కనపడ్తాంటే కూసున్నోళ్ళు లేసి పోరప్పా," అంది.

ఇంకో మాట కూడా అనేది. "చూసింది రాయి, అనుకున్నది రాయాకు." భయపడినాడు అని రాయకూడదట. చెమట పట్టింది, తలుపు దిక్కు నాలుగుసార్లు చూసినాడు అని రాయాలట.

మూడేళ్ళ కిందట మా ఫ్యాక్టరీలో లోడు ఎత్తుతుండగా లారీలో నిలబెట్టిన బండలు ఒరిగాయి. తమ్ముడి పక్కన నిలబడిన హమాలీ వాడిని బీడీ అడిగాడు. వాడు జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి తీసేలోపల ఆ మనిషి కాలు బండల కింద ఉంది. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. అప్పటినుంచి తమ్ముడు లోడున్న లారీ పక్కన నిలబడలేకపోయాడు. గుండె దడ, ఒళ్ళంతా చెమట, నిద్ర లేదు. పదేళ్ళ నుంచి లారీ తోలినవాడు ఇంట్లో కూర్చున్నాడు. కర్నూలులో డాక్టరు మాత్రలు రాస్తే, తెలిసినవాళ్ళు ఆ చీటీ చూసి ఏమనుకుంటారోనని రెండు నెలలు మింగి మానేశాడు.

అప్పుడు ఎవరో ఆకు నూనె గురించి చెప్పారు. గంజాయి ఆకుతో చేసేది. దాన్ని మందుగా రాసిచ్చే లైసెన్సు ఉన్న ఆయుర్వేద డాక్టరు కడపలో ఉన్నాడు. నాలుక కింద చుక్కలు వేసుకుంటే భయం తగ్గుతుందన్నాడు. నూనె సీసా కొని, చీటీ తీసుకొని నేను సిస్టరమ్మ ఇంటికి పోయాను. ఆమె ప్రార్థన కూటానికి పోతూ తలుపుకు తాళం వేస్తోంది. గంజాయే కదా, వాడికి ఏమన్నా అయితే ఎట్లా అని అడిగాను. చీటీ చదివి, ఇందులో ఉండేది సీబీడీ అని, మొక్క అదే అయినా ఇది తలకెక్కదని చెప్పింది. టైమైందని పోయింది.

మరుసటి రోజు పొద్దున తానే మా ఇంటికి వచ్చింది. సీసా తెమ్మని, డాక్టరు వాడికి రాసినన్ని చుక్కలు తాను వేసుకుంది. అరుగు మీద కూర్చొని, పేజీకి గీత కొట్టి, గంటలు రాసుకుంది. మా ఆవిడ టీ ఇస్తే, చక్కెర ఎక్కువైందని చెబుతూనే తాగింది. సాయంత్రానికి పేజీ చూపించింది. తొమ్మిది, ఏమీ లేదు. పది, ఏమీ లేదు. పన్నెండు, నోరు ఎండింది. రెండు, ఏమీ లేదు. అంతసేపు కూర్చొని ఇదా రాసిందని నేను నవ్వాను.

"ఏమీ కాల్యా అనేది గూడా రాయాల," అంది. తన వయసు వేరు, వాడి భయం వేరు కాబట్టి తనకు ఏమీ కాకపోవడం వాడికి లెక్క కాదని కూడా అదే పేజీ అడుగున రాసింది.

తమ్ముడు చుక్కలు వేసుకోవడం మొదలుపెట్టాడు. అదే వారం సిస్టరమ్మ రోజూ పొద్దున వాడిని లారీ స్టాండు దాకా నడిపించడం మొదలుపెట్టింది. మొదట దూరంనుంచి చూసి వచ్చేవాళ్ళు. తరువాత ఖాళీ లారీ మీద చెయ్యి పెట్టాడు. రెండు నెలలు గడిచేసరికి లోడున్న లారీ చుట్టూ తిరిగి రాగలిగాడు. నూనె వల్లనా, నడక వల్లనా అని అడిగితే, రెండూ ఒకేసారి మొదలుపెట్టాము కాబట్టి తెలియదని చెప్పింది. నలుగురి ముందర మాట్లాడాలంటే వణికేవాళ్ళకు ఇది ఇచ్చి చూశారని, కొందరికి వణుకు తగ్గిందని, కొందరికి ఉత్త నూనె మింగినట్లే అయిందని, పెద్ద డాక్టర్లే ఇంకా తేల్చుకోలేదని అంది. తెలీదు అన్న మాట ఆమె చెప్పినంత తేలికగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

ఆ మధ్యనే చెల్లెలికి బాగాలేదని ఆమె మూడు వారాలు కమలాపురం పోయింది. మా నాయనకు తుంటి ఎముకలో నొప్పి. కడప డాక్టరుకు చెబితే ఇంకో సీసా ఇచ్చాడు. ఇందులో సీబీడీతో పాటు టీహెచ్‌సీ కూడా ఉంటుందని, నొప్పికి బాగా పనిచేస్తుందని చెప్పాడు. ఆ రెండో పేరు నాకు నొప్పి మందు పేరులాగా వినపడింది. నాయన రెండు రోజులు వేసుకున్నాడు. రెండో రోజు మా ఇంటి గోడకు వేసిన పాలిష్ బండలో తన రూపాన్నే చూసి, "ఏమప్పా, శానాసేపట్నుంచి కూసోనుండావే, అన్నం తిన్యావా?" అని పలకరించాడు. జవాబు రాలేదని కోపం కూడా తెచ్చుకున్నాడు. మేమందరం నవ్వాము. మత్తు దిగాక, ఆ నూనె తనకు వద్దని నాయన సీసా పక్కన పెట్టేశాడు. అప్పుడన్నా నాకు తెలిసి ఉండాల్సింది.

మా పనిలో ఒక అలవాటు ఉంది. పాలిష్ పొడి ఏ డబ్బాలో ఎంత మిగిలినా పారేయము. పాతది, కొత్తది ఒకే డబ్బాలో పోసి వాడుతాము. తమ్ముడు మొదటిసారి లోడు తీసుకొని నంద్యాలకు పోవాల్సిన రోజు పొద్దున వాడి సీసా అడుగంటింది. నాయన సీసా సగం ఉంది. ఒకే డాక్టరు ఇచ్చింది, ఒకే ఆకు, ఒకే రంగు. నాయన నూనె తీసి వాడి సీసాలో పోశాను. మొదటి లోడు కదా, ధైర్యంగా ఉండాలని రోజూ వేసేదానికి రెండింతలు నేనే వేశాను. అప్పుడు ఎనిమిది గంటలు. వాడు ఉగ్గాని తిని ఫ్యాక్టరీకి పోయాడు.

పదింటికి లోడు పూర్తయింది. వాడు క్యాబిన్‌లో కూర్చొని రెండు తలుపులూ లోపలినుంచి వేసుకున్నాడు. అద్దాలు ఎత్తేశాడు. ఏమైందోనని పోయి చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చూపు అద్దంలోనుంచి వెనక లోడు మీదనే ఉంది.

"యన్నా, వాళ్ళను పక్కకు పొమ్మను. బండలు నా మీదికి తోస్తాండారు," అన్నాడు.

వెనక ఎవరూ లేరు. హమాలీలు నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. ఆ మాట చెప్పాను. నువ్వు కూడా వాళ్ళతో కలిసినావా అని అడిగి, ఇంజను స్టార్టు చేశాడు.

లారీ ముందర గేటు దాకా వాలు. గేటు అవతల రోడ్డు. రోడ్డు వారగా ఆడ కూలీలు సద్ది విప్పుకొని కూర్చున్నారు. ఇద్దరు హమాలీలు వాడికి కనపడకుండా వంగి పోయి ముందు చక్రాల కింద రాళ్ళు పెట్టారు. ఒకరు పోయి ఆడవాళ్ళను లేపారు. ఫ్యాక్టరీ మేనేజరు వచ్చి, గంజాయి కొట్టినాడు, చూస్తే తెలియడం లేదా, పోలీసులకు ఫోన్ చేయండి అన్నాడు. ఇంకొకరు అద్దం పగలగొడదామని ఇనుప గడ్డపార తెచ్చారు. లోపల తమ్ముడు ఆ గడ్డపార చూశాడు. వాడి చెయ్యి గేరు మీద ఉంది.

కమలాపురంనుంచి ముందు రోజు రాత్రే తిరిగి వచ్చిన సిస్టరమ్మ, కబురందుకొని ఒక హమాలీ మోటారు సైకిలు వెనక కూర్చొని వచ్చింది. చంకలో నోటుపుస్తకం ఉంది. ముందుగా గడ్డపార కింద పెట్టించింది. మిషన్లు ఆపించింది. అందరినీ షెడ్డు వరకు జరగమంది. నేరుగా లారీ దగ్గరికి పోలేదు. నా దగ్గరికి వచ్చింది.

"ఏం తీసుకున్యాడు?"

"రోజూ తీసుకునేదే."

"ఎన్ని గంటలకు?"

"ఎనిమిదికి."

ఆమె వాచీ చూసుకుంది. నా ముఖం వైపు చూడలేదు.

"రెండు నెల్లుగా తీసుకుండే మందు ఈ పొద్దే ఇట్ల చేయదప్పా. ఇంకొకసారి అడుగుతా. నువ్వు చెప్పకపోతే ఆసుపత్రిలో వాని చీటీ మీద పెద్ద జబ్బు పేరొకటి రాస్తారు. ఆ పేరు ముందు వాని లైసెన్సు తింటాది, ఆ తర్వాత వాన్నే తింటాది. వాడు గూడా నిజమనుకుంటాడు. చెప్పు."

షెడ్డులో పాతిక మంది ఉన్నారు. అందరూ మా వైపే చూస్తున్నారు. రెండు సీసాలు కలిపి పోసినానని చెప్పాను. ఆమెకు మాత్రమే వినపడేటట్లు.

"రొంత గట్టిగా చెప్పు. వాళ్ళకు గూడా వినపడాల."

మళ్ళీ చెప్పాను. మేనేజరు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నాయన సీసాలో ఉన్న రెండోది తలకెక్కేదని, వార్డుకు గంజాయి తాగి భయంతో వచ్చేవాళ్ళంతా దాని వల్లనే వచ్చేవాళ్ళని ఆమె అప్పుడు చెప్పింది. రెండూ కలిసే ఉన్నాయి కదా, తలకెక్కనిది ఎక్కేదాన్ని అణచదా అని నేను అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అణచుతాదని కొందరు, ఇంగా ఎక్కువసేపు నిలబెడ్తాదని కొందరు. మనం ఈ పొద్దు కండ్లతో చూస్తాండాం గదా," అని లారీ వైపు నడిచింది.

వాలుకు పక్కగా, బండి కదిలినా తగలని చోట, వాడికి బాగా కనపడేలాగా ఒక బండల దొంతర మీద కూర్చుంది. పేజీకి గీత కొట్టింది. గంటలు రాసుకుంది. తరువాత తలెత్తింది.

"అబ్బోడా, ఇది నీ జబ్బు కాదు. మీయన్న పొద్దన తప్పు మందు పోసినాడు. అది ఎక్కిండాది. ఎక్కింది దిగుతాది. నేను ఈడనే ఉంటా."

"ఎప్పుడు దిగుతాది?"

"సాయంత్రానికి."

"సాయంత్రమైపోయింది గదా."

అప్పుడు పదకొండు కూడా కాలేదు. ఆమె వాచీ విప్పి, నిదానంగా లేచి పోయి, అద్దం నాలుగు వేళ్ళంత దించమంది. చాలాసేపు వాడు దించలేదు. దించాక వాచీ లోపలికి ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చుంది. వాడు వాచీ చూసి, ముల్లు మీరే తిప్పినారు అన్నాడు. నీ ఫోన్లో కూడా చూడు, రెండూ ఒకటే చెప్పకపోతే అప్పుడు నన్ను నమ్మాకు అంది. వాడు ఒక చేతిలో వాచీ, ఒక చేతిలో ఫోన్ పట్టుకొని మార్చి మార్చి చూశాడు. గేరు మీద చెయ్యి లేదు.

"నా వాచీ నీ తాన ఉండాది. టైము నువ్వే చెప్పాల. నేను రాసుకుంటా."

"పదకొండు మూడు," అన్నాడు వాడు.

"రాసినా."

"పదకొండు నాలుగు."

"రాసినా."

నిమిషానికి ఒకసారి చెప్పాడు. తరువాత రెండు నిమిషాలకు. మధ్యలో బండలు కదులుతున్నాయని అరిచాడు. అది కూడా ఏ టైముకో చెప్పమంది. చెప్పాడు. రాసినా అంది. ఇంజను తిరుగుతూనే ఉంది. చక్రాల కింది రాళ్ళు చాలవని మాకు తెలుసు. బండికి పదహారు టన్నుల లోడుంది. తాళం అడగమని నేను సైగ చేశాను. ఆమె నా వైపు చూడలేదు. పన్నెండు కావస్తుండగా చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, ఇంజను చప్పుడుకు నీ మాట వినపడడం లేదు, ఒక గంట ఖాళీగా పోతోంది అంది.

వాడు ఇంజను ఆపాడు.

ఒంటిగంటకు స్టీరింగు మీద తల పెట్టాడు. రెండింటికి నీళ్ళు అడిగాడు. మూడింటికి తలుపు తెరుచుకొని దిగి, కాళ్ళు తేలిపోతున్నాయని చక్రానికి ఆనుకున్నాడు. ఉగ్గాని ఉందా అని అడిగాడు. హమాలీలలో ఎవరో నవ్వారు. సిస్టరమ్మ కూడా నవ్వింది. నాడి చూసి, తిననిచ్చి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు ముందర ఆ పేజీ పెట్టింది. దాన్ని చదివి ఆయన మందు ప్రభావం అని రాశాడు. వేరే పేరు రాయలేదు.

ఆ సాయంత్రం నోటుపుస్తకం నా చేతికిచ్చి, ఎనిమిది ఎదురుగా ఖాళీ ఉంది, అది నువ్వు చూసింది, నువ్వే రాయాలి అంది. తండ్రి సీసా, తమ్ముని సీసా కలిపినాను, రెండింతలు వేసినాను అని నా చేత్తో రాశాను. దాని కింద ఆమె తన మాట రాసింది. "ఆ మొక్కలో తలకెక్కేది కూడా ఉందని ఈ ఇంటివారికి నేను చెప్పలేదు. టైమైందని సగం చెప్పి పోయినాను." అది చదివి నేను, మీ తప్పేముంది సిస్టరమ్మా అన్నాను. పుస్తకం మూసి, అనుకున్నది చెప్పాకు అంది.

తమ్ముడు తరువాత ఏ నూనె ముట్టలేదు. కర్నూలు డాక్టరు మాత్రలు మళ్ళీ మొదలుపెట్టి, ఆయన చాలు అనేదాకా మింగాడు. పొద్దుటి నడక మళ్ళీ మొదటినుంచి మొదలైంది. ఎనిమిది నెలలకు నంద్యాల లోడు తీసుకుపోయాడు. ఆమె గేటు దగ్గర నిలబడి చెయ్యి తిప్పి టైము చూసుకుంది. నన్ను వాడు ఎప్పుడూ నిందించలేదు. ఒకే ఒకసారి అన్నాడు. "యన్నా, ఆ పొద్దు నువ్వు చెప్పకపోయింటే, నాకు నా మీద నమ్మకం పోయుండేది."

పోయిన ఏడాది మోకాళ్ళు, గుండె రెండూ మొరాయించాయని ఆమె కమలాపురం వెళ్ళిపోయింది.

మేము అక్కడికి చేరేసరికి నాలుగైంది. భూస్థాపన మరునాడు పొద్దున. లోపల మంచం మీద పడుకోబెట్టి తెల్ల దుప్పటి కప్పారు. వాచీ ఆ చేతికే, లోపలి వైపుకే ఉంది. చెల్లెలి కూతురు వసారాలో కుర్చీ పక్కన దొరికిందని నోటుపుస్తకం తెచ్చింది. చివరి కొన్ని నెలలుగా పెద్దమ్మ రోజుకొక పేజీ తన గురించే రాసుకుంటున్నదట.

ఆఖరి పేజీలో గీత కొంచెం వంకరగా ఉంది. ఎడమ పక్కన గంటలు అన్నీ ఉన్నాయి. ఆరు, టీ తాగినాను, చక్కెర సరిపోయింది. ఏడు, కాళ్ళ వాపు అట్లే ఉంది. ఎనిమిది, ఆయాసం, పడుకుంటే ఎక్కువ. తొమ్మిది, పాప పొలానికి పోయింది, ఎండ గడప దాకా వచ్చింది. పది ఎదురుగా ఏమీ లేదు. పదకొండు ఎదురుగా లేదు. అట్లా కింద సాయంత్రం ఆరు దాకా.

ప్రభువు నందు నిద్రించినారు అని అక్కడ రాయండన్నా, మీ చేత్తో ఉంటే బాగుంటుంది అని ఆ అమ్మాయి తమ్ముడికి పెన్ను ఇచ్చింది. వాడు పది మీద వేలు పెట్టి, ఒక్కో గంట మీదుగా కిందికి జరిపాడు. పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చాడు.

"ఎవరం చూడల్యా గదమ్మా," అన్నాడు.

జనం వస్తున్నారు, పోతున్నారు. బయట షామియానా వేస్తున్నారు. నన్ను పాస్టరు పిలిస్తే రెండుసార్లు పోయి వచ్చాను. తమ్ముడు ఆ పేజీ మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకొని, ఖాళీ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆరు దాకా లేవలేదు.